పర్సుడీహ్‌లో ఎర్రదారం కట్టిన టమాటాలు

ఎనభైల మొదట్లో నేను విశాఖ దగ్గర ఒక కూరగాయల పరిశోధన క్షేత్రంలో చిన్న ఉద్యోగిని. నడివేసవిలోనూ కాసే టమాటాను తయారుచేయడం మా పని. రాత్రిళ్ళు కూడా వేడి తగ్గకపోతే టమాటా పుప్పొడి చచ్చిపోతుంది, పూత రాలిపోతుంది. జంషెడ్‌పూర్‌లో పర్సుడీహ్ వైపు అప్పలనరసమ్మ అనే ఆవిడ పెంచే చిన్నకాయ టమాటా మాత్రం ఆ ఎండలోనూ కాస్తుందని ఒక బంధువు చెబితే, ఏప్రిల్ మొదట్లో వెళ్ళి చూశాను. నిజమే. పది రోజులు అక్కడే ఉండి, ఏ మొక్క ముందు పూతకొస్తే దానికి ముందుగా, మొగ్గల్లోనే కేసరాలు తీసేసి, ఐసు ఫ్లాస్కులో తీసుకెళ్ళిన మా పెద్దకాయ రకం పుప్పొడిని అద్ది, అలా సంకరం చేసిన ప్రతి పూకాడకూ ఎర్రదారం కట్టి వచ్చాను. ఆవిడ టమాటాకున్న ఎండ తట్టుకునే గుణం, మా రకం దిగుబడి ఒకే విత్తనంలోకి రావాలని ఆశ. ఆవిడిచ్చిన నారు మా క్షేత్రంలో తెగులొచ్చి పోయింది కాబట్టి, ఆ మొక్కలు మరెక్కడా లేవు. మే మధ్యలో అటునుంచి వచ్చిన ఒక రైల్వే గార్డు కబురు మోసుకొచ్చాడు. మడిలో ఒక మూల మొక్కలు వడలిపోతున్నాయట. ఆ సాయంత్రమే బయల్దేరాను.

మీరూ ఆ దారిన వెళ్ళాలనుకుంటే, సాయంత్రం వాల్తేరులో హౌరా మెయిలు ఎక్కి, తెల్లారాక ఖరగ్‌పూర్‌లో దిగి, బొంబాయి లైన్లో పాసింజరు మారితే మధ్యాహ్నం లోపు టాటానగర్ చేరతారు. రాత్రంతా నాకు కన్ను మూతపడలేదు. పచ్చి కాయలు చేతికొస్తే ఏం లాభం, గింజ ముదరకపోతే అవి మొలవవు. మరో రెండు వారాలు ఆగుదామంటే తెగులు ఆగుతుందా? ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం మీద కొన్న పూరీలు పొట్లంలోనే చల్లారిపోయాయి.

టాటానగర్ స్టేషన్ బయట వడగాలి మొహాన నిప్పులు కుమ్మరించినట్టు కొట్టింది. పర్సుడీహ్ స్టేషన్‌కి దగ్గరే. రెండు రూపాయలకు ఒక రిక్షా అతను ఒప్పుకున్నాడు. మొహానికి గంచా తువ్వాలు చుట్టుకుని, "సిర్ ఢక్ లీజియే దీదీ, లూ చల్ రహీ హై" అని, వడగాలి తగలకుండా నా చేత కొంగు తల మీద కప్పించాడు. దించేటప్పుడు ఆకాశం వంక చూసి, "శామ్ తక్ ఆంధీ ఆయేగీ" అన్నాడు. సాయంత్రానికి గాలివాన వస్తుందని. ఆ మండుటెండలో నాకు నమ్మబుద్ధి కాలేదు.

అప్పలనరసమ్మ భర్త సింహాచలం లోకోషెడ్‌లో ఫిట్టరు. బొబ్బిలి వైపునుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డవాళ్ళు. క్వార్టరు గుమ్మంలోనే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఒచ్చినావా తల్లీ! నానేటి సేతును? నీళ్ళెట్టినా లెగడం లేదు. పచ్చగున్న మొక్క పచ్చగానే సచ్చిపోతంది."

ఆ చివరి మాటతోనే ఇది నీళ్ళు చాలక వడలడం కాదని నాకు తెలిసిపోయింది. పట్టాల పక్కన, క్వార్టర్లవాళ్ళు కూరలు పండించుకునే నేలలో ఉంది ఆవిడ మడి. వడలిన మొక్క కాండం కోసి గాజుగ్లాసులో నీళ్ళల్లో నిలబెట్టాను. కాసేపటికి కోసినచోట నుంచి పాలదారంలా తెల్లటి జిగురు కిందికి దిగింది. బాక్టీరియా వడలు తెగులు. మందు లేదు. నేలలో ఉంటుంది, పారే నీళ్ళతో నడుస్తుంది. తెగులున్న మూల ఎత్తులో ఉంది, ఎర్రదారాల మొక్కలు పల్లంలో ఉన్నాయి. ఒక్క వాన చాలు.

"పిన్నీ, కాయలు కోశాక మొక్కలన్నీ పీకి కాల్చెయ్యాలి. కొన్నేళ్ళు ఇక్కడ టమాటా, వంకాయ వెయ్యకూడదు" అన్నాను.

"అన్నీనేటి?" ఆవిడ మొహం పాలిపోయింది. "మా యమ్మ ఇచ్చిన ఇత్తనమమ్మా ఇది. ఇక్కడ బజార్లో దొరకదు. నీ దారాల కాయలు నువ్వట్టుకుపోతే, నాకేటి మిగుల్తాది?"

"ముందు ఇవి చూడనీ, తర్వాత నీ విత్తనం సంగతి చూద్దాం" అన్నాను, గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

ఎర్రదారం కాయలన్నీ ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి. ముదిరాయో లేదో తెలుసుకోవాలంటే ఒకటి పాడుచేయక తప్పదు. కత్తి గింజల్ని కూడా తెగ్గోస్తే లేత, గింజలు జిగురులో పక్కకు జారితే ముదిరినట్టు. మొదటి కాయ అడ్డంగా కోశాను. కత్తి కరకరా గింజల్లోంచి దిగింది. మరో మొక్క కాయ కోశాను. గింజలు కత్తికి దొరకకుండా జారిపోయాయి. ముందు పూసిన మొక్కల కాయలు ముదిరాయి, వెనక పూసినవాటివి పోయినట్టే.

అంతలో ఎండ ఎవరో ఆర్పేసినట్టు తగ్గింది. వాయవ్యం వైపు ఆకాశం నల్లగా మారి, దాని కింద ఎర్రటి దుమ్ము గోడలా కదిలొస్తోంది.

"ఆంధీ! జల్దీ కొయ్యమ్మా, బేగి కొయ్యి!" అని అరిచింది అప్పలనరసమ్మ.

ఇద్దరం వంగి ముదిరిన కాయలు తెంపి నా సంచిలో వేశాం. దుమ్ము కళ్ళల్లో పడి దారాలు చేతులతో తడుముకోవాల్సి వచ్చింది. మొదటి చినుకులు పడగానే పట్టాల పక్కనున్న గ్యాంగ్‌మెన్ ఇటుక గది వైపు పరిగెత్తాం. గుమ్మంలోకి వచ్చి వెనక్కి తిరిగి చూస్తే నా పక్కన ఆవిడ లేదు. మడి మధ్యలో వంగి, తన విత్తనం కోసం, దారం లేని పండిన కాయలు కొంగులో వేసుకుంటోంది.

"పిన్నీ! వచ్చెయ్!"

లోకమంతా తెల్లబడింది. ఆ చప్పుడు చెవులతో విన్నట్టు లేదు, ఛాతీలో పడ్డట్టుంది. మడి పక్క తాటిచెట్టు నిలువునా చీలి పొగలు కక్కుతోంది. అప్పలనరసమ్మ కనపడలేదు. నేను వడగళ్ళలోకి పరిగెత్తాను. తల మీద రాళ్ళు పడుతున్నట్టే ఉంది. ఆవిడ సాళ్ళ మధ్య బోర్లా పడి ఉంది. చచ్చిపోయిందనుకున్నాను. భుజం పట్టి తిప్పితే కళ్ళు తెరిచింది, పెదాలు కదిలాయి. ఏదో అంటోంది గాని, వానలో వినపడలేదు. చంకల కింద చేతులు వేసి ఇటుక గదిలోకి ఈడ్చుకొచ్చాను.

వాన తగ్గుతుండగా సింహాచలం షెడ్డునుంచి పట్టాల వెంట పరిగెత్తుకొచ్చాడు. "ఏటయ్యింది? ఏమే, నిన్నే! పలకవేటి?"

ఆవిడకి వినపడలేదు. చెవిటివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా, "కాయలు సూడు! సితికిపోనాయేటి, సూడు!" అంది. అతను ఆవిడ కొంగు విప్పి, చితికిన పళ్ళు చూసి, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు.

మర్నాడు మేం ముగ్గురం మడిలో మిగిలిందంతా పీకి, తడి మొక్కలు మండకపోతే కిరసనాయిలు పోసి తగలబెట్టాం. చితికిన ఆ పళ్ళ గింజలు కడిగి నీడలో ఆరబెట్టాం. ఊళ్ళోనే బారిడీహ్‌లో ఉన్న తన చెల్లెలి పెరట్లో, టమాటా ఎన్నడూ వేయని మట్టిలో, ఆవిడ వాటిని మళ్ళీ మొలిపించుకుంది. ఆవిడ ఎడమచెవికి వినికిడి మాత్రం తిరిగి రాలేదు. నేను తెచ్చిన గింజల్లో కొన్నే మొలిచాయి. తర్వాతి వేసవిలో, మా క్షేత్రంలో తక్కిన టమాటాల పూతంతా రాలిపోయినా, ఆ కొద్ది మొక్కలూ కోడిగుడ్డంత కాయలు కాశాయి. అందరూ నన్ను అభినందించారు. నేను మాత్రం ఆ రోజు మడిలో బోర్లా పడి ఉన్న మనిషిని తల్చుకుంటూ నిలబడ్డాను. విత్తనం పోతుందని రైల్లో దారంతా భయపడ్డాను గాని, మనిషి పోతుందేమోనన్న భయం పక్కన అది నిలబడేది కాదని ఆ మడిలోనే తెలిసింది. ఇప్పటికీ ఉరిమితే నా చెయ్యి దానంతటదే పక్కనున్నవాళ్ళ చేతిని వెతుక్కుంటుంది.

ఒక్క సలహా: ఏప్రిల్, మే నెలల్లో అటు వెళ్తే, బయట తిరిగే పనులు మధ్యాహ్నం లోపే ముగించుకోండి. వాయవ్యంలో ఆకాశం నల్లబడితే చేతిలో ఏ పనున్నా వదిలేసి పక్కా కప్పు కిందికి వెళ్ళండి. వెంట వచ్చినవాళ్ళు కూడా లోపలికి వచ్చారో లేదో చూసుకోండి.