రేడియోలో వినని సగం

రేడియో అబద్ధం చెప్పిందని మా ఊళ్లో ఇప్పటికీ కొందరంటారు. మా అక్క పోయిన తర్వాత మొదలైన మాట అది. రేడియో అబద్ధం చెప్పలేదు. ఆ సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను కాబట్టి రాసి పెడుతున్నాను.

మాది చొప్పదండి దగ్గరి ఊరు. బావ మగ్గం నేసేవాడు, అక్క రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. నేను నాలుగో తరగతితో బడి మాని, మిగతా చదువంతా గ్రంథాలయంలో చదువుకున్నాను. అక్కకు దగ్గులో రక్తం పడిన ఏడాదే పంచాయతీ ఆఫీసుకు రేడియో వచ్చింది.

సాయంత్రాలు ఊరంతా ఆ ఆఫీసు అరుగు మీద చేరి వినేవాళ్లం. ఒక సాయంత్రం బజారు ధరలు చెప్పడం అయ్యాక హైదరాబాదు నుంచి ఒక డాక్టరు మాట్లాడాడు. క్షయ ఇక చావు రోగం కాదని, మందులతో నయమవుతుందని అన్నాడు. ఆ మాట వింటూనే బావ లేచి, చెప్పులు కూడా మరిచి ఇంటికి పరుగెత్తాడు. అరుగు మీద మిగిలినవాళ్లం ఒకరి భుజం ఒకరం తట్టుకున్నాం. డాక్టరు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. మా సందడిలో ఎవరికీ వినపడలేదు.

మరునాడు పక్కింటి చాచా బండి కట్టి అక్కను కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయాడు. సూదులు వేశారు, గోళీలు ఇచ్చారు, మళ్లీ మళ్లీ రమ్మన్నారు. వానకాలం ముగిసేసరికి దగ్గు పోయింది, ఒంటికి కండ పట్టింది. బాగయ్యాక దవాఖాన ఎందుకని అక్క మళ్లీ రాట్నం ముందు కూర్చుంది.

అప్పుడే గ్రంథాలయంలో ఒక పత్రికలో చదివాను. దగ్గు తగ్గినా రోగం లోపల ఉంటుందని, డాక్టరు చాలనేదాకా మందు ఆపరాదని. ఆ పత్రిక అడిగి తెచ్చి అక్కకు వినిపించాను.

“గా లైబ్రరీల నాకు లేని రోగాలు గూడ దొరుకుతయిరా?” అని నవ్వింది.

“జర విను అక్కా. మందు ఆపొద్దట.”

“తెగిన పోగు అతికినం. మగ్గం నడుస్తున్నది. అతికిన పోగును మళ్ళ అతుకుతమా తమ్మీ?”

గుంటలో కూర్చుని మగ్గం నేస్తున్న బావ తల ఎత్తాడు. “రేడియోల పెద్ద డాక్టరే నయమైతదన్నడు. ఊరంత విన్నది. గీ పేపరు నువ్వొక్కనివే చదివినవు. ఫికర్ చెయ్యకు, బువ్వ తిని పో.”

తిన్నాను. తర్వాత కూడా వెళ్లినప్పుడల్లా చెప్పాను. చలికాలంలో దగ్గు తిరిగొచ్చింది. ఈసారి సూదులు పనిచేయలేదు. మంచం పట్టాక అక్క ఒకనాడు, “గా పేపరు ఉన్నదా? చదువు,” అంది. మొదటి నుంచి చివరిదాకా చదివాను.

“మంచిగనే రాసిండ్రు,” అని అటు తిరిగి పడుకుంది. ఎండలు ముదరకముందే పోయింది.

పాత పత్రికలు వెతికి ఇచ్చిన గ్రంథాలయం సారుకు, దవాఖాన సంగతులు గుర్తుచేసిన చాచాకు, నేను తప్పు చెప్పినచోట ఆపి దిద్దిన మా అవ్వకు దండాలు. పేర్లు వద్దన్నారు, రాయలేదు. బావ ఏమీ చెప్పలేదు, రాయవద్దని కూడా అనలేదు. ఆయనకూ దండం. రేడియోలో ఆరోగ్యం మాటలు వచ్చిన సాయంత్రం, అందరూ లేచి వెళ్లినా, రేడియో కట్టేసేదాకా ఆయన అరుగు మీదే కూర్చుంటాడు.