ఓదెలు డ్యూటీల ఉన్నడు

2007. గోదావరిఖని మెయిన్ రోడ్డు పక్క సందులో నాకో చిన్న కంప్యూటర్ సెంటర్ ఉండేది. పొద్దున ఎక్సెల్ క్లాసులు, మధ్యాహ్నం నుంచి దుకాణాలకు సాఫ్ట్‌వేర్ ఎక్కించే పని. ఆ ఏడు హైదరాబాద్ కంపెనీ ఒకటి నాకు సీఆర్ఎం అమ్మే ఏజెన్సీ ఇచ్చింది. సీఆర్ఎం అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. దుకాణానికి వచ్చినవాళ్ల పేరు, ఇల్లు, ఏం కొన్నారు, ఏం చెడిపోయింది, ఎప్పుడు ఫోన్ చేస్తే దొరుకుతారు, ఇవన్నీ మన బదులు కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది.

నా మొదటి గిరాకీ సదానందం సేటు. ఫ్రిజ్‌లు, టీవీలు, మిక్సీలు అమ్మే షోరూం ఆయనది. బొగ్గుగనిని మా దగ్గర బాయి అంటారు. మా బాపు, అంటే నాన్న, ఆ బాయిలో పనిచేసి రిటైరైన మనిషి, సేటుకు పాత దోస్తు. అందుకే సేటుకు నా మీద ప్రేమ వస్తే "బిడ్డా" అనేవాడు, కోపం వస్తే "మేడం" అనేవాడు.

సాఫ్ట్‌వేర్ నేర్పాలంటే ముందు అందులో నాలుగు పేర్లుండాలి. ఖాళీ తెర మీద ఏం నేర్పుతాం? అసలు కస్టమర్ల వివరాలతో ఆటలాడితే పాడవుతాయి. అందుకని ఉత్తుత్తి మనుషులను తయారుచేసి లోపలికి పంపుతాం. వాళ్లను శాంపిల్ డేటా అంటారు, పంపడాన్ని ఇంపోర్ట్ అంటారు. కంపెనీవాళ్లు సీడీలో ఇచ్చిన శాంపిల్ డేటా చూపించగానే సేటు కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"ఈ జాన్ ఎవడు బిడ్డా? కాలిఫోర్నియా నుంచి వచ్చి మన దగ్గర మిక్సీ కొన్నడా?"

"శాంపిల్ కాకా, ఊకనే."

"మనోళ్ల పేర్లు పెట్టు. గీ జాన్‌తోని మా రఫీ ఏం నేర్చుకుంటడు?"

రఫీ అంటే కౌంటర్లో బిల్లులు కొట్టే ఆయన. జాన్‌తో పడలేనని ఆయన కూడా తల ఊపాడు.

సేటు మాట నాకూ నచ్చింది. ఎక్సెల్‌లో ఒక వరుస ఇంటిపేర్లు, ఒక వరుస పేర్లు రాసి కలగలిపాను. ఓదెలు, రాజలింగు, కొమురయ్య, పోశవ్వ. క్వార్టర్ నంబర్లు మాత్రం బాయి పనివాళ్ల కాలనీలో ఆఖరి నంబరు దాటించి ఇచ్చాను, పొరపాటున కూడా ఎవరి తలుపూ తట్టకుండా. 'ఫోన్ చేయాల్సిన వేళ' అని ఒక గడి ఉంది. మా ఊళ్లో ఆ గడిలో రాయాల్సింది షిఫ్టు. రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్న మనిషికి పొద్దున పదింటికి ఫోన్ కొడితే మళ్లీ ఆ దుకాణం గడప తొక్కడు. అందుకని తలా ఒక షిఫ్టు రాశాను. కేటగిరీ గడిలో అందరికీ 'డెమో' అని పెట్టాను. ఆ గుర్తు ఉంటే పని అయ్యాక అందరినీ ఒక్క దెబ్బకు తీసేయొచ్చు. ఇంపోర్ట్ నొక్కితే ఒక్క తప్పు చూపలేదు. నా భుజం నేనే చరుచుకున్నాను.

చిక్కు ఏమిటంటే, డేటా మరీ బాగా కుదిరింది. మర్నాడు వెళ్లేసరికి సేటు మెకానిక్కును ఉతికి ఆరేస్తున్నాడు.

"పోశవ్వ మిక్సీ రిపేరు ఇంక పెండింగ్ చూపిస్తుంది. ముసలామె పచ్చడి ఎట్ల చేసుకోవాలెరా?"

"కాకా, పోశవ్వ లేదు" అన్నాను.

"లేదా? అయ్యో, ఎప్పుడు?" అని కుర్చీలో కూలబడ్డాడు.

ఆమెను నేనే పుట్టించానని నచ్చజెప్పడానికి రెండు చాయ్‌లు పట్టింది.

దసరాకు బాయి పనివాళ్లకు లాభాల వాటా చేతికొస్తుంది. దుకాణాలన్నీ లక్కీ డ్రాలు పెడతాయి. అందరూ డ్రమ్ములో చీటీలు వేస్తుంటే సేటు మాత్రం "మనది కంప్యూటర్ డ్రా" అని ఊరంతా ఆటోలో మైకు తిప్పించాడు. ఆపాటికి సీఆర్ఎంలోకి ఎక్కించిన అసలు కస్టమర్ల పేర్లలోంచి కంప్యూటరే ఒకటి తీస్తుంది. మొదటి బహుమతి డబుల్ డోర్ ఫ్రిజ్. అంతకుముందే ఫ్రిజ్ కంపెనీ ఏరియా మేనేజర్ షోరూం చూడటానికి వచ్చాడట. కస్టమర్ల పక్కన 'డెమో' అని ఉండటం సేటుకు నామోషీ అనిపించి, రఫీతో అందరినీ 'గోల్డ్ కస్టమర్' చేయించి, ఆ మాటే మరిచిపోయాడు. ఆ సంగతి నాకు చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. డ్రా ముందు డెమోవాళ్లను తీసేద్దామని వెతికితే ఒక్కరూ దొరకలేదు. రఫీ ముందే తీసేసినట్టున్నాడు అనుకుని నా దారిన నేను పోయాను.

డ్రా రోజు మధ్యాహ్నం రెండింటికి షోరూం ముందు టెంటు వేశారు. ఫ్రిజ్‌కు పూలదండ. జనం రోడ్డు దాకా నిలబడ్డారు, మా బాపు ముందు వరుస కుర్చీలో. రఫీ మీట నొక్కాడు. తెర మీది పేరు సేటు మైకులో చదివాడు.

"ఆరెపల్లి ఓదెలు! గోల్డ్ కస్టమర్!"

ఆరెపల్లిని, ఓదెలును కలిపింది నేనే.

"ఓదెలన్నా, ఏడున్నవే? జల్ది రా!" అని సేటు పిలుస్తూనే ఉన్నాడు. వెళ్లి చెవిలో సంగతి చెప్పాను. మొహం పాలిపోయింది. "మేడం" అన్నాడు. ఆయన భయం నాకు తెలుసు. లేని మనిషికి ఫ్రిజ్ వచ్చిందంటే, సొమ్ము ఇంట్లోనే ఉంచుకోవడానికి సేటు దొంగపేరు పెట్టాడంటారు. ఏళ్ల తరబడి సంపాదించుకున్న పేరు ఒక్క పూటలో పోతుంది. వెనకే నా సెంటర్ కూడా మూతపడుతుంది.

సేటు తమాయించుకున్నాడు. "పిలిచిన మనిషి రాలే. ఇంకో పేరు తీద్దాం" అన్నాడు. అక్కడితో గండం గడిచేదే. కానీ రఫీ అలవాటుకొద్దీ తెర మీద ఉన్నదంతా మైకులో చదివేశాడు. "ఫస్ట్ షిఫ్టు. నాలుగింటి తర్వాత ఫోన్ చెయ్యాలె."

"ఆగుండ్రి! మనిషి డ్యూటీల ఉంటే పేరెట్ల కొట్టేస్తరు?"

ఆ గొంతు మా బాపుది.

"బాయిల దిగినోనికి మైకు ఇనవడ్తదా? డ్యూటీకి పోవుడే తప్పయిందా?"

టెంటు మొత్తం లేచి నిలబడింది. "గాయిన నాకెరుకే, జర నల్లగ ఉంటడు" అన్నాడొకాయన. బొగ్గుబాయిలో ఆ ఆనవాలుకు సరిపోని మనిషెవరు? "పాపం ఆయన పెండ్లాం ఫ్రిజ్ లేక మస్తు గోసపడుతుంది" అని ఇంకొకామె కళ్లు తుడుచుకుంది. మూడింటికి షిఫ్టు దిగుతుంది, అందాకా ఆగుదామని బాపు తీర్పు చెప్పాడు. నేను బాపు మీద పళ్లు నూరుతూ కూర్చున్నాను.

షిఫ్టు దిగినవాళ్లు టిఫిన్ డబ్బాలతో రానే వచ్చారు. ఓదెలు పేరున్నవాళ్లు ఇద్దరు దొరికితే, భుజాల మీద మోసుకొచ్చినంత పని చేశారు. ఒకాయన ఇంటిపేరు వేరు. రెండో ఆయన "నేను గీ దుకాణంల చెంచా గూడ కొనలే" అని దండం పెట్టి వెళ్లిపోయాడు. అప్పుడు జనం చూపు సేటు మీదికి తిరిగింది.

"మరి ఓదెలేడి సేటూ? ఫ్రిజ్ ఎవరింటికి పోతది?"

నవ్వులు ఆగిపోయాయి. ఇక లాభం లేదని నేను అందుకున్నాను.

"ఓదెలు లేడు. కంప్యూటర్ నేర్పనీకి నేను కల్పించిన మనిషి."

"ఇందాక ఫస్ట్ షిఫ్టంటిరి, ఇప్పుడు లేడంటున్నరు! ఎవరి చెవుల పూలు పెడుతున్నరు?"

ఉన్న మనిషినైతే పట్టుకొచ్చి నిలబెట్టొచ్చు. లేనివాణ్ని ఎలా చూపించను? దిక్కుతోచక తెర వైపు చూశాను. ఓదెలు పేరు మీద మూడు కంప్లైంట్లు రాసి పెట్టాను, ఎండాకాలం ఒకటి, వానాకాలం ఒకటి, చలికాలం ఒకటి. బద్ధకంతో మూడింటికీ ఒకే షిఫ్టు వేశాను.

"ఒక్కమాట చెప్పుండ్రి" అన్నాను. "ఓదెలుకు ఎండకాలం ఫస్ట్ షిఫ్టు. వానకాలం ఫస్ట్ షిఫ్టు. చలికాలం గూడ ఫస్ట్ షిఫ్టే. ఏడాదంత ఫస్ట్ షిఫ్టే చేసెటోడు మన బాయిల ఎవడన్న ఉన్నడా?"

వారం వారం షిఫ్టు మారి, మూడో వారం రాత్రంతా బాయిలోనే గడిపే బతుకులు అవి. వెనక నుంచి ఒక గొంతు లేచింది. "గంత నసీబున్నోడు ఉంటె జర చూపెట్టుండ్రి, కాళ్లు మొక్కుత!"

టెంటు ఎగిరిపోయేలా నవ్వారు. "లేడు, లేడు, గసొంటోడు ఎక్కడ లేడు" అని షిఫ్టు దిగొచ్చినవాళ్లే మిగతావాళ్లకు చెప్పారు. సేటు గ్లాసు ఎత్తి గటగటా నీళ్లు తాగాడు.

ఇంపోర్ట్ చేసిన తేదీని పట్టి, అందరి ముందే నా మనుషులను ఏరి తీసేశాను. పోశవ్వ పోతున్నప్పుడు సేటు "అయ్యో" అన్నాడు. రఫీ మళ్లీ మీట నొక్కాడు. "కుందారపు రాజేశం" అని వచ్చింది. ఒక్కరు చప్పట్లు కొడితే ఒట్టు. అందరూ నా వైపు తిరిగారు.

"మేడం, ఈయన ఉన్నడా?"

"ఉన్న! నేనున్న!" అని అరుచుకుంటూ, కాలనీలో ఇస్త్రీ బండి నడిపే రాజేశం జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

ఆ దెబ్బతో నేను నేర్చుకున్నదొకటే. శాంపిల్ డేటా కంప్యూటర్ నమ్మేలా ఉంటే చాలు, మనుషులు నమ్మేలా ఉండకూడదు. అప్పటి నుంచి 'డెమో' అన్న మాట పేరులోనే కలిపి రాస్తున్నాను. ఎవరికి ఎంత నామోషీ అయినా వినను.

ఇంటికి రాగానే బాపు మీద విరుచుకుపడ్డాను.

"నువ్వు ఊకుంటె రెండింటికే అయిపోతుండె. లేనోని కోసం గంత లొల్లి ఎందుకు బాపూ?"

బాపు సాసర్లో చాయ్ పోసుకుంటున్నాడు. "లేడని నాకేం ఎరుక? నువ్వు పుట్టిననాడు నేను బాయిలనే ఉన్న బిడ్డా. పైకొచ్చినంక చెప్పిండ్రు. కిందున్నోని గురించి పైనున్నోళ్లు అడగకపోతె ఎవరడుగుతరు?"

ఇంకో పేరు తీస్తే తమకే తగలొచ్చని తెలిసి కూడా, అంత జనంలో ఒక్కరు తొందరపెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఎవరో తెలియని మనిషి కోసం గంటకు పైగా ఎండలో నిలబడ్డారు. మా ఊరి మీద నాకు అంత ప్రేమ ఎన్నడూ కలగలేదు.

బాపు సాసర్ ఎత్తి చాయ్ ఊదుకున్నాడు.

"ఒక్కటి మాత్రం మంచిగ చేసినవ్" అన్నాడు. "వానికి నైట్ షిఫ్టు ఎయ్యలే."