నడుము ఎంచిన దోనె

మా మేనమామ మంచమైనా సైకిలైనా నడుముతోనే ఎంచేవాడు. ఎక్కి కూర్చుని, కళ్ళు మూసుకుని అటూ ఇటూ ఊగి, "నడుముకు తెలుస్తది" అనేవాడు.

బైలడిలా ఇనుప గనిలో ఏళ్ళ తరబడి పనిచేసి, శబరి ఒడ్డున మా ఊరికి తిరిగొచ్చాక చేపల వేటకు దోనె కొనబోయాడు. పడుచుతనంలో తాను నడిపిన దానిలాంటి సన్న దోనె కనిపించింది. ఎక్కి ఊగి చూసి దిగిపోయాడు. పక్కనున్న వెడల్పాటి దోనె పట్టాడు.

"ఏంది మామా, ముసలోళ్ళ దోనె తీసుకుంటున్నవ్?" అన్నాను. ఒడ్డునున్న వాళ్ళంతా నవ్వారు.

"గనిల నడుము అరిగింది అల్లుడా. అప్పటి నడుముకు కొంటే ఇప్పటి నడుము మునుగుతది."

ఆ సాయంత్రం నడి శబరిలో దోనె మీద నిలబడి వల విసిరాడు. దోనె తొణకలేదు. నవ్విన వాళ్ళమే ఈలలు వేశాం. మామ వెనక్కి తిరగలేదు. నడుము మాత్రం ఒక్కసారి ఊపి చూపించాడు.