ఎవరి బియ్యం వారే తెచ్చుకోవలెను

నా పెళ్లికి ఆడపిల్లవాళ్లు బస్సు దిగేటప్పుడు చేతుల్లో బియ్యం సంచులు, చంకల్లో గిన్నెలు పట్టుకొని దిగారు. వాళ్లకేం పిచ్చి లేదు. అలా తెచ్చుకోమని శుభలేఖలో అచ్చేయించి పంపింది సాక్షాత్తు పెళ్లికొడుకే. ఇంతటి ఘనకార్యం నేనెలా సాధించానో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. మా ఆవిడ ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉంది, మీరూ ఒక చెయ్యి వేస్తే నష్టం లేదు.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. కోరుట్ల బస్టాండు దగ్గర రాజన్న అనే ఆయన డీటీపీ సెంటర్లో నేను ఆపరేటర్ని. పొద్దున లేస్తే బంద్ కరపత్రాలు, ధర్నా బ్యానర్లు, వాటి మధ్యలో పెళ్లి పత్రికలు. నాకొక జబ్బు ఉండేది. మౌస్ ముట్టేవాణ్ణి కాదు. దాన్ని సొరుగులో పడేసి అన్నీ మీటలతోనే లాగించేవాణ్ణి. కంట్రోల్ సి కొడితే కాపీ, కంట్రోల్ వి కొడితే పేస్ట్, కంట్రోల్ జెడ్ కొడితే చేసిన తప్పు చేయనట్టే మాయం. నా పదివేళ్లు కీబోర్డు మీద ఆడుతుంటే కోరుట్ల మొత్తం ముక్కున వేలేసుకుంటుందని నా నమ్మకం. అందుకే తెర వైపు తక్కువగా, వచ్చినవాళ్ల మొహాల వైపు ఎక్కువగా చూసేవాణ్ణి. ఆశ్చర్యపోతున్నారో లేదో తెలియాలి కదా మరి!

"అరేయ్ శీనూ, జర తెర దిక్కు చూసి కొట్టురా" అనేవాడు రాజన్న.

"నా వేళ్లకు కండ్లున్నయన్నా."

"గట్లయితే మొఖం మీదియి ఎందుకురా? ఎవలకన్న దానం జెయ్యి."

ఆ సమయంలోనే నాకు సిరిసిల్ల సంబంధం కుదిరింది. అమ్మాయి సుజాత. వాళ్ల నాన్న మల్లేశం మామ సాంచాలు నడుపుతాడు. సాంచాలంటే కరెంటుతో నడిచే మగ్గాలు. పెళ్లి మాత్రం కోరుట్లలో మా ఇంటి ముందు. పత్రికలు రెండు రకాలు కావాలి. మావైపు పంచడానికి మా బాపు పేరుతో ఒకటి, వాళ్లవైపు పంచడానికి మామ పేరుతో ఇంకొకటి. "రెండూ నేనే చేయించి పంపిస్త" అని గొప్పగా మాటిచ్చాను.

మావైపు పత్రికను బాపు అక్షరం అక్షరం చదివి సరే అన్నాడు. ఇక అందులో విందు గురించి ఉన్న నాలుగు వాక్యాలను కాపీ చేసి, రెండో దానిలో 'విందు' దగ్గర పెట్టడమే మిగిలింది. అప్పటికి పది నిమిషాల ముందే ఉద్యమం పిల్లలకు వంటావార్పు కరపత్రం కొట్టి ఇచ్చాను. వంటావార్పు తెలుసు కదా, జనమంతా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకొని తిని నిరసన తెలపడం. అందులో ఒక ముక్కను రెండుచోట్ల పెట్టడానికి కాపీ చేశాను. ఆ ఊపులోనే నా ఛాయ్ గ్లాసు కీబోర్డు మీద ఒలికింది. తుడిచాను. తుడిస్తే పోయేది ఛాయ్, చక్కెర కాదు. సి అనే మీట కింద అది అంటుకొని కూర్చుంది.

కంట్రోల్ సి కొట్టాను. మీట దిగలేదు. నేను చూడలేదు. ఎదురుగా ఇద్దరు కాలేజీ పిల్లలు నోళ్లు తెరిచి నా వేళ్లను చూస్తున్నారు. వాళ్లను చూస్తూ కంట్రోల్ వి, కంట్రోల్ ఎస్, కంట్రోల్ పి టకటకా వాయించేశాను. కాగితం జగిత్యాల ప్రెస్సుకు, అక్కణ్ణుంచి కట్టలు నేరుగా సిరిసిల్లకు వెళ్లిపోయాయి.

వారం తర్వాత మామ ఫోన్ చేశాడు.

"అల్లుడా, ఒక ముచ్చట. బియ్యం సన్నయి తేవాల్నా, దొడ్డయి తేవాల్నా?"

"బియ్యమెందుకు మామా?"

"నువ్వే రాయించినవ్ గద. రోడ్డు మీద వండుమన్నవ్. ఏ రోడ్డు? జగిత్యాల దిక్కా, మెట్‌పల్లి దిక్కా?"

"నేను రాయించిన్నా?"

"సదువుత, ఇను. విందు. ఎవరి బియ్యం వారు, ఎవరి గిన్నెలు వారు తెచ్చుకొని, రోడ్డు మీదనే వండుకొని తిని, సర్కారుకు మన బాధ తెలియజేయవలెను."

సి మీట దిగకపోవడంతో, విందు వాక్యాల చోట అంతకుముందు కాపీ చేసిన వంటావార్పు ముక్కే అతుక్కుందన్నమాట! మామ గొంతు మారింది. "పేర్లు, ముహూర్తం చూసుకొని ఊరంత పంచిన. ఇప్పుడు మా అన్నదమ్ములు అడుగుతున్నరు, పిల్లగాడు మనల్ని ఎక్కిరిస్తున్నడా అని. రేపు వచ్చి నువ్వే చెప్పు. లేకుంటే ఈ పెండ్లి సంగతి మేం మళ్ల ఆలోచన చేస్తం."

బాపు నన్ను తిట్టలేదు. "నీ వేళ్లకు నోరు సుత ఉందేమో, వాటినే తోలుకపోయి చెప్పించు" అన్నాడు.

మర్నాడు సిరిసిల్లలో, సాంచాల చప్పుడు మధ్య, పదిమంది పెద్దమనుషుల ముందు నిలబడ్డాను. అంత భయంలోనూ నా తెలివి మాత్రం తగ్గలేదు. "ఇది పెద్ద తప్పు కాదు మామా. కంట్రోల్ జెడ్ అని ఒక మీట ఉంటది. కొడితే చేసింది చేయనట్టే అయితది" అన్నాను.

"గట్లనా? మరి మేం ఇచ్చిన మాటకు సుత గా మీట పనిచేస్తదా?"

అందరూ నన్నే చూశారు. అందరూ నన్నే చూడాలని ఎన్నాళ్లుగానో నా కోరిక. అది అక్కడ తీరింది.

మామ నన్ను చెయ్యి పట్టుకొని సాంచా దగ్గరికి తీసుకెళ్లాడు. "ఇది కరెంటు మీద దానంతట అదే నేస్తది. మరి పొద్దుందాక నేనెందుకు నిలవడుత?"

"ఎందుకు మామా?"

"పోగు తెగుతదేమోనని బట్ట చూసుకుంట. నువ్వు నీ బట్ట చూస్తలేవు బిడ్డా. నిన్ను ఎవలు చూస్తున్నరో చూస్తున్నవ్."

సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడు తలుపు వెనక నుంచి సుజాత గొంతు వినిపించింది.

"బాపూ, పత్రికల ఉన్నట్టే బియ్యం తీసుకపోదాం. కానీ వండేది మనం కాదు, గా రాసినాయన!"

పదిమందీ పగలబడి నవ్వారు. నాకు పెళ్లి మిగిలింది, పరువు పోయింది. ఆ బేరానికి అప్పుడే ఒప్పుకున్నాను.

తలంబ్రాలు కాగానే, నుదుట బాసింగంతోనే, మా ఇంటి ముందు రోడ్డు మీద మూడు రాళ్ల పొయ్యి ముందు కూర్చున్నాను. పొగకు కళ్లు మండి నీళ్లు ధారలు కడుతుంటే ముసలమ్మలు "పిల్లనిచ్చినోళ్లు ఏడ్వాలె గానీ ఈయన ఏడుస్తున్నడేంది" అని ఆరా తీశారు. అటుగా వెళ్తున్న ఉద్యమం పిల్లలు ఇదీ వంటావార్పే అనుకొని "జై తెలంగాణ" అంటూ వరసగా కూర్చున్నారు. అసలు విందు లోపల సిద్ధంగానే ఉన్నా, మామ నేను వండిన అన్నమే ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"అల్లుడా, అడుగున మాడింది, మీద పలుకున్నది. దీనికి మీట లేదా?"

తెలంగాణ వచ్చింది. సిరిసిల్ల జిల్లా అయింది. మామ మాత్రం మారలేదు. ఇప్పటికీ మా ఇంటికి ఎప్పుడొచ్చినా తువ్వాలలో కిలో బియ్యం మూటగట్టుకొని వస్తాడు. గడపలోనే నా చేతిలో పెట్టి, "పత్రికల ఉన్నట్టే తెచ్చిన, వండు" అంటాడు. నేను వండుతాను. ఇప్పుడు మాడదు, పలుకు ఉండదు. ఎందుకంటే గిన్నె మీద నుంచి చూపు తిప్పను.

కనుక పాఠక మహాశయులారా, ఆ మాడిన గిన్నె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో తెర చూడకుండా కంట్రోల్ వి కొట్టను. ఇదంతా మౌస్‌ను సొరుగులోంచి బయటికి తీసి, తెర మీద ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ రాశాను. సుజాత పక్కన నిలబడి మొదటి నుంచి చివరిదాకా చదివి, "ఇండ్ల ఎక్కడ బియ్యం తెమ్మని లేదు, పంపియ్యి" అన్నాకే మీకు పంపిస్తున్నాను.