అలవాట్లు: ఏమీ లేవు

పదేళ్ళకు పైగా ఒక చేతి సైగను మోసుకుని తిరుగుతున్నాను. సైగకు బరువేముంటుంది అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. ఇంతవరకూ నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం సులువుగా ఉంది.

డెబ్బైల చివర్లో ధర్మవరంలో ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరుగా పనిచేశాను. ఆయనది కోస్తా. ఆయన వైద్యం మా ఊరికి వింత. మేమెరిగిన డాక్టర్లు నాలుక చూస్తారు, నాడి పడతారు, సూది వేస్తారు. ఈయన ముందు ప్రశ్నలు వేసేవారు. కాఫీ ఎన్నిసార్లు, బీడీలెన్ని, తాగుడుందా, నిద్ర పడుతుందా, ఆలుమగలు సఖ్యంగా ఉన్నారా? కంబదూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడను రోజుకెన్ని లోటాల నీళ్ళు తాగుతావమ్మా అని అడిగితే, "బాయిలో ఉంటే గదా సార్ తాగేది" అంది. ఆయన నవ్వలేదు. అదీ రాసుకున్నారు. ప్రతి చీటీ మీదా 'అలవాట్లు' అని ఒక వరుస ఉండేది. ఆ వరుస దగ్గరికి వచ్చేసరికి వెంట వచ్చినవాళ్ళను, కట్టుకున్న పెళ్ళాన్నైనా సరే, బయటికి పంపి తలుపు మూసేవారు.

నన్ను మాత్రం పంపేవారు కాదు. ఆ గదికీ నేను మందులు కలిపే చోటుకీ మధ్య ఉన్నది ఒక చెక్క పలక. నేను కల్వంలో మాత్రలు నూరుతూ ఉండేవాణ్ణి. అలవాట్ల ప్రశ్న వినబడగానే నూరడం ఆగిపోయేది. ఆపాలని ఆపేవాణ్ణి కాదు, చెయ్యే ఆగేది. ఎందుకు విన్నాను? ఒకరిని చెరపాలని కాదు, ఇది నిజం. రోజూ బజారులో చూసే మనిషి లోపల ఇంకో మనిషి ఉంటాడా అని నాకు తెగని ఆశ్చర్యం. బెత్తం పుచ్చుకుని పిల్లల్ని హడలగొట్టే అయ్యవారు భార్యకు భయపడి గడ్డివాము వెనకాల బీడీ తాగుతాడని తెలిస్తే ఎవరికి మాత్రం ముచ్చటగా ఉండదు?

ఓబులేసు మగ్గం నేసేవాడు. కడుపునొప్పని వచ్చాడు. తలుపు మూశాక చెప్పాడు, మూడేళ్ళుగా సాయంత్రం కాగానే ఎవరి కంటా పడకుండా సారాయి తాగుతున్నానని. డాక్టరుగారు తిట్టలేదు. ప్రతి గురువారం రా, ఆ వారంలో ఎన్ని రోజులు తాగావో ఉన్నదున్నట్టు చెప్పు చాలు అన్నారు. ఓబులేసు చెప్పేవాడు. మొదట ఏడు రోజులు. తర్వాత ఆరు. ఓ వారం మళ్ళీ ఏడు. ఆ తర్వాత ఐదు, మూడు. పలకకు ఇవతల నేను గురువారం కోసం ఎదురుచూసేవాణ్ణి. మూడని విన్న రోజు నాకెంత సంతోషమైందో! నా తమ్ముడు పరీక్ష పాసైనట్టు అనిపించింది.

ఒక సంగతి మీకు తెలియాలి. మగ్గం మీదున్న పట్టూ జరీ నేసేవాడివి కావు. షావుకారువి. కేవలం నమ్మకం మీద ఆ ఇంట్లో ఉంటాయి. తాగేవాడి ఇంట్లో ఏ షావుకారూ పట్టు ఉంచడు. నా మేనమామ కూడా నేతపనే చేసేవాడు కాబట్టి, ఇది నాకు తెలియదని చెప్పుకునే వీల్లేదు.

ఒకరోజు పొద్దున ఓబులేసుకు పట్టు ఇచ్చే షావుకారే బీపీ చూపించుకోవడానికి వచ్చాడు. తన వంతు వచ్చేదాకా నా బల్ల దగ్గర నిలబడి, కాస్త వంగి, "ఏమప్పా, మా ఓబులేసు వారం వారం ఈడికి వస్తాండాడే, ఏమైంది వానికి?" అన్నాడు.

కడుపునొప్పి అంటే సరిపోయేది. అదీ నిజమే. నేను అటూ ఇటూ చూసి, బొటనవేలు పెదాల దగ్గర పెట్టి తల కొంచెం పైకెత్తాను. అంతే. మిక్స్చర్ సీసాకు మోతాదు కాగితం అంటించుకుంటూ కూర్చున్నాను.

ఎందుకు చేశాను? ఆయన నాకు ఇచ్చిందేమీ లేదు. ఓబులేసు మీద నాకు పగా లేదు. ఎంత ఆలోచించినా ఒక్కటే తోస్తుంది. బజారులో నడిస్తే అందరూ లేచి నిలబడే మనిషి నా జవాబు కోసం నా ముందు వంగాడు. ఆ క్షణం నాకు నచ్చింది.

తర్వాతి గురువారం ఓబులేసు వచ్చి కుర్చీలో కూర్చోలేదు. ఈసారి తలుపూ మూయలేదు.

"షావుకారు పట్టు ఎత్తుకపోయినాడు సార్. సగం నేసిన చీరనే కోసుకపోయినాడు. నేను తాగేది మీకొక్కరికే చెప్పినా. మా ఇంటిదానికి గూడా తెలీదు. యాడ పొక్కింది సార్?"

డాక్టరుగారు నన్ను పిలిచారు. "నువ్వేమైనా అన్నావా?"

"ఒక్క మాట కూడా అనలేదు సార్."

చూశారా, అబద్ధం కాదు! ఆ జవాబును అడ్డం పెట్టుకునే ఇన్నేళ్ళు అద్దంలో మొహం చూసుకున్నాను. ఆయన నన్ను చాలాసేపు చూసి, అతని వైపు తిరిగి, "నా గదిలోంచే పొక్కి ఉంటుంది. తప్పు నాదే" అన్నారు.

"మీరు అడగబట్టే గదా సార్ చెప్పినా" అని ఓబులేసు వెళ్ళిపోయాడు.

ఆ మాట ఊరంతా తిరిగింది. డాక్టరుగారు ప్రశ్నలు మానలేదు కానీ అందరిదీ ఒకటే జవాబు. "ఏ అలవాటూ లేదు సార్." నోరు తెరిస్తే బీడీ కంపు కొట్టేవాడూ అదే మాట. రెండు నెలల్లో ధర్మవరమంతా సన్యాసుల ఊరైపోయింది. పలకకు ఇవతల నాకు వినడానికేమీ మిగల్లేదు. ఏడాది తిరక్కుండానే ఆయన క్లినిక్ మూసేసి తన ఊరికి వెళ్ళిపోయారు. ఆయనకు తెలుసా? నా కల్వం చప్పుడు ఆగడం ఆయన గమనించేవారా? అందరి సంగతులూ తెలుసుకోవాలని తహతహలాడిన నేను ఆ ఒక్కటీ అడగలేకపోయాను.

ఓబులేసు కుటుంబంతో బెంగళూరు వెళ్ళాడన్నారు. అంతకుమించి తెలియదు. ఆ చివరి వారం ఎన్ని రోజులు తాగి ఉంటాడు? రెండా? ఒకటా? అసలు తాగలేదా? అది చెప్పుకోవలసిన రోజునే అతను వేరే మాట చెప్పాల్సి వచ్చింది. ఇది తలచుకుంటే నాకిప్పటికీ ఏడుపొస్తుంది.

పోయిన నెల దగ్గు తగ్గక అనంతపురంలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్న వయసాయన. పరదా అవతల ఎవరో కత్తెరతో కాగితాలు కత్తిరిస్తున్నారు. "ఏమైనా అలవాట్లున్నాయా?" అని డాక్టరు అడిగాడు. కత్తెర చప్పుడు ఆగింది.

నేను పరదా వైపు చూశాను. "ఏమీ లేవు సార్" అన్నాను. ఆయన అదే రాసుకున్నాడు. ఇచ్చిన మందు తాగుతున్నాను. దగ్గు తగ్గలేదు.

ఆ చీటీలో ఉండాల్సింది ఇక్కడ రాస్తున్నాను. బీడీలు, రోజుకు రెండు కట్టలు, ఓబులేసు వచ్చి వెళ్ళిన ఆ గురువారం నుంచి. దగ్గినప్పుడు ఒక్కోసారి రక్తపు చార కనబడుతోంది, ఇంట్లో తెలియదు. చెవి పెట్టి వినడం, ఊహ తెలిసినప్పటి నుంచి. ఓబులేసు సంగతి షావుకారుకు తెలిపింది నేను. డాక్టరుగారు కాదు.