యర్రమ్మ బుగ్గ

బేబీరాణి స్కూల్లో పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతుంది, పత్రికకు కార్టూన్లు వేస్తుంది. ఈ రెండో పని వల్ల బాంబూఫ్లాట్ ఫెర్రీలో ఆమె ఎదుట కూర్చోవడానికి జనం జంకుతారు. పొట్టలున్నవాళ్లయితే ఊపిరి బిగబట్టి మరీ నిలబడతారు. అవతలి ఒడ్డు దాకా ఎంతసేపని బిగబడతారు? ఎలాగూ దొరికిపోతారు.

పెయింటర్‌గా మాత్రం ఆమెను ఎవరూ లెక్కచెయ్యరు. మనిషి మొహం తిన్నగా వెయ్యడం దీదీకి చేతకాదని అందరిదీ ఒకటే మాట. అది ఆమెకు ముల్లులా గుచ్చుకునేది. అందుకే, చేపలు పట్టే అప్పలరాముడు వచ్చి తన కొత్త పడవ మీద చనిపోయిన తల్లి యర్రమ్మ బొమ్మ వెయ్యమనగానే ఎగిరి గంతేసినంత పని చేసింది. ఈ దెబ్బతో అందరి నోళ్లూ మూయించాలి!

ఫొటో అంటే ఆధార్ కార్డు మీది ఒక్కటే. అందులో యర్రమ్మను కొడుకే గుర్తుపట్టలేడు. ఆమె చేపల గంప పక్కనే ఇరవై ఏళ్లు ఫెర్రీ ఎక్కిన బేబీరాణికి అసలు ఫొటో ఎందుకు?

"సుట్ట మాత్రం ఒద్దు దీదీ. జెట్టీలో అందరూ సూత్తారు, ఇజ్జత్ పోద్ది," అన్నాడు అప్పలరాముడు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం యర్రమ్మకు అలవాటు.

బేబీరాణి వేసింది. పెద్ద బొట్టు, ముక్కుపుడక, చల్లని చూపు.

"సానా బాగుంది. ఎవులు దీదీ ఈవిడ?" అన్నాడు.

చెరిపి మళ్లీ వేసింది. "ఈవిడా బాగుంది," అన్నాడు పాపం, మర్యాదగా. మూడోసారి వేశాక మాత్రం ఇసుకలో కూలబడిపోయాడు.

"అమ్మ మొకం నానే మర్సిపోనానేటి దీదీ?"

తెల్లారితే పడవ నీళ్లలో దిగాలి. బేబీరాణికి ఏడుపొచ్చింది. ఆ వెంటనే తన మీద తనకే ఒళ్లు మండింది. పెద్దరికం తెచ్చిపెట్టాలని ఆ ముసలమ్మను ఎవరో పరాయి మనిషిని చేసింది తనే కదా!

"జావ్, చాయ్ తాగి రా," అని అతణ్ణి తరిమేసి కుంచె అందుకుంది. ఈసారి నడిచింది కార్టూన్లు వేసే చెయ్యి. పడవ మీద యర్రమ్మ ఒక కన్ను చికిలించింది. ఎడమ బుగ్గ ఉబ్బింది. పెదాల మధ్య నుంచి చుట్ట కొస బయటికొచ్చింది. వద్దన్న పనే చేస్తున్నానని తెలిసినా ఆగలేదు.

అప్పలరాముడు తీరిగ్గా బీడీ కాలుస్తూ తిరిగొచ్చాడు. పడవ ముందు ఠక్కున ఆగిపోయాడు. ఇద్దరు అల్లుళ్లున్న మనిషి, చేతిలోని బీడీని గభాలున వీపు వెనక్కి దాచేసుకున్నాడు.