ఓనరమ్మ పేరు మీది నెట్

దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికున్న ఇంట్లో మూడు వాటాలకూ కలిపి ఒకటే ఇంటర్నెట్ లైను ఉండేది. అది కింద వాటాలో ఉండే ఓనరమ్మ పేరు మీద ఉంది. ఒకరోజు పొద్దున నా భార్య ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెప్తుండగా నెట్ పోయింది. మధ్యాహ్నమైనా రాకపోయేసరికి ఓనరమ్మా నేనూ ఎల్బీనగర్‌లోని నెట్ ఆఫీసుకు వెళ్ళాం.

"మీ లైన్ మీద ఎవరో కొత్త సినిమాలు పదిమందికి పంచుతున్నరని అనుమానం ఉంది పెద్దమ్మా. అందుకే బంద్ చేసినం," అన్నాడు మేనేజరు.

"నాకు కండ్లల్ల శుక్లాలున్నయి. సినిమా చూడక చాన దినాలైంది," అంది ఓనరమ్మ.

"లైన్ మీ పేరు మీదుంది గద."

"నల్లా గూడ నా పేరు మీదనే ఉంది. కిరాయిదారు తప్పు చేస్తే ఇంటికి నీళ్ళు బంద్ చేస్తరా?"

"నీళ్ళు మా డిపార్ట్‌మెంట్ కాదు," అన్నాడు మేనేజరు.

మర్నాడు పై వాటాలో ఉండే గుంటూరు ఆయన తనంతట తానే దిగి వచ్చాడు. "సినిమాలు పెట్టింది నేనేనండి. అందరికీ కట్ చేస్తారనుకోలేదు," అన్నాడు. ఓనరమ్మ ఇల్లు ఖాళీ చేయమంటుందనుకున్నాను. నా భార్య మలక్‌పేటలో వాళ్ళక్క ఇంటికి పోయి క్లాసులు చెప్తోంది కాబట్టి, చేయమంటే బాగుండుననే అనుకున్నాను.

ఓనరమ్మ ఆయన్ని వెంటబెట్టుకుని మళ్ళీ ఆఫీసుకు పోయింది. మా లైను తెరిపించి, ఆయనకు ఆయన పేరు మీదనే వేరే లైను పెట్టించింది.

"ఇగ అనుమానమొస్తే ముందు అడుగు, తర్వాత కట్ చెయ్యి," అని మేనేజరుకు చెప్పిందట. మేనేజరుకది నచ్చలేదట. లైన్లు మాత్రం రెండూ సాయంత్రానికి వచ్చాయి.